చైనాలో చవక కాపురం, ఎవరి చేతి చలవ?

మేం చైనాలో ఉంటున్నామని తెలియగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న పాముల గురించీ కప్పల గురించీ. దానికి జవాబు చెప్పి చెప్పి విసుగొచ్చింది కాబట్టి వదిలేస్తాను. రెండో ప్రశ్న కూడా ఎప్పుడూ ఒకటే. "అక్కడ అన్నీ చవకటగా, నెలకి బాగానే వెనకేస్తున్నారేం?"

చవకే. కాదని అబద్ధం చెప్పను. కానీ ఈ చవక చుట్టూ జనం వేసే లెక్కలు వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. వీడియోల్లో ఒకాయన బజారులో నడుస్తూ టమాటా ధర, బస్సు టికెట్టు ధర చెప్తాడు. వాటిని రూపాయల్లోకి మార్చి "చూశారా, మన హైదరాబాదు కన్నా తక్కువ" అంటాడు. ధరలు నిజమే కావచ్చు. ఆ టమాటాని ఎవరు ఏ భాషలో అడిగి తెచ్చారు, ఎవరు వండారు, ఆ మనిషి ఇక్కడికి రాకముందు ఏం చేసేది అన్నవి మాత్రం ఆయన లెక్కలోకి రావు. నా గోడంతా అదే.

మేముండే ఊరు వూషీ. జియాంగ్సు రాష్ట్రంలో, షాంఘైకీ నాన్జింగ్‌కీ మధ్య, తైహు సరస్సు ఒడ్డున ఉంటుంది. 2020 జనాభా లెక్కల్లో దాదాపు 75 లక్షల మంది తేలారు. మనకైతే మహానగరమే. చైనావాళ్ళకి మాత్రం మధ్యరకం ఊరు. షాంఘై వాళ్ళు దీని పేరు పలికే తీరు, విజయవాడ వాళ్ళు తెనాలి గురించి మాట్లాడినట్టుంటుంది. బుల్లెట్ రైలెక్కితే షాంఘై ముప్పావుగంట, టికెట్టు 60 యువాన్ల చుట్టూ ఉంటుంది. ఇంటద్దెలు మాత్రం ఆ ముప్పావుగంటలో సగానికి సగం పడిపోతాయి. మా వారిది కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆ కంపెనీ షాంఘైలో కాకుండా ఇక్కడ ఉండటమే మాకు కలిసొచ్చిన మొదటి సంగతి.

ఇల్లు సంగతి ముందు చెప్తాను. ప్రహరీ, గేటు ఉన్న అపార్టుమెంట్ల సముదాయాన్ని ఇక్కడ షియావ్‌చ్యూ అంటారు. మాది పాతది. ఆరంతస్తులు, లిఫ్టు లేదు, మాది ఐదో అంతస్తు. రెండు పడగ్గదులు, అద్దె 2,600 యువాన్లు. మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఏసీలు ఇంటితోపాటే ఇచ్చారు, అది ఇక్కడ మామూలే. మా వారి ఆఫీసులో వేరే దేశాల నుంచి వచ్చిన పెద్ద ఉద్యోగులు ఉండే సర్వీస్ అపార్టుమెంట్లలో అద్దె దీనికి మూడింతలు. అయితే ఇల్లు పట్టేటప్పుడు ఒక నెల అడ్వాన్సూ మూడు నెలల అద్దే ఒకేసారి కట్టాలి. "యా యీ, ఫూ సాన్" అని దానికో నానుడి కూడా ఉంది. పైన ఏజెంటు కమిషను. అంటే మొదటి జీతం చేతికి రాకముందే మాకు 11,700 యువాన్లు అయ్యాయి. యువానుకి 12 రూపాయల చొప్పున వేసుకుంటే లక్షా నలభై వేలు. చవక ఊళ్ళోకి అడుగుపెట్టడానికి కట్టాల్సిన టోల్ గేటన్నమాట.

పరాయి దేశస్థులు దిగిన 24 గంటల్లోగా పోలీస్ స్టేషన్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. హోటల్లో దిగితే వాళ్ళే చేస్తారు, సొంతంగా ఇల్లు తీసుకుంటే మనమే చేయించుకోవాలి. ఆ కాగితాల గొడవెందుకని కొందరు ఇంటివాళ్ళు మనలాంటి వాళ్ళకి ఇల్లివ్వరు. కాబట్టి అద్దె తక్కువున్న ఇల్లు దొరకడం వేరు, మనకిచ్చే ఇల్లు దొరకడం వేరు.

చలికాలం గురించి వచ్చేముందు మాకెవరూ చెప్పలేదు. చైనా పటం మీద చిన్‌లింగ్ కొండలనీ హ్వాయ్ నదినీ కలుపుతూ ఒక గీత ఉందనుకోండి. దానికి ఉత్తరాన ఉన్న ఊళ్ళకి చలికాలంలో వేడి గొట్టాల్లో ఇంటింటికీ వస్తుంది. దక్షిణాన రాదు. వూషీ దక్షిణాన ఉంది. జనవరిలో సున్నా దగ్గర చలి, పైగా సరస్సు తేమ. ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరవు. గుంటూరు ఎండల్లో పుట్టి పెరిగినదాన్ని, ఇంట్లో కోటేసుకుని పోపు పెట్టడం ఇక్కడే నేర్చుకున్నాను. కరెంటు యూనిట్ అర యువాను పైచిలుకు. కావాలని అడిగి పెట్టించుకుంటే రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఇంకా తక్కువ రేటు వేసే పద్ధతి జియాంగ్సులో ఉంది. ఈ సంగతి కింది అంతస్తు అమ్మమ్మగారు చెప్తే తెలిసింది. అప్పట్నుంచి మా ఇంట్లో వాషింగ్ మెషిన్, గీజరు తొమ్మిది దాటాకే. మామూలు నెలల్లో కరెంటు, గ్యాసు, నీళ్ళు కలిపి 250 దాకా అవుతాయి, చలి ముదిరిన నెలల్లో 700 దాటుతుంది. సగటున 350 అనుకోండి.

ఆ అమ్మమ్మగారింట్లో ఒక మూల ఎప్పుడూ నీళ్ళ డబ్బాలు పేర్చి ఉంటాయి. 2007 మే నెలాఖర్లో తైహు సరస్సుకి పాచి పట్టి, ఊళ్ళో కుళాయి నీళ్ళు కంపు కొట్టి, జనం బాటిల్ నీళ్ళ కోసం దుకాణాల మీద పడ్డారట. అది జరిగి ఏళ్ళు గడిచినా ఆవిడ డబ్బాలు మాత్రం తియ్యలేదు. మేమూ తాగడానికి డబ్బా నీళ్ళే తెప్పించుకుంటాం.

ఇక మార్కెట్టు. మా ఇంటి చవకంతా అక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

సూపర్‌మార్కెట్టు కాదు నేను చెప్పేది. త్సాయ్ షిఛాంగ్ అని, పేటకొకటి ఉండే కూరగాయల మార్కెట్టు. అక్కడ తూకమంతా జిన్‌లలో ఉంటుంది. జిన్ అంటే అరకిలో. అట్ట ముక్క మీద 3 అని రాసుంటే కిలో ఆరన్నమాట. వీడియో లెక్కల్లో సగం ఇక్కడే తలకిందులవుతాయి. గుడ్లు కూడా డజన్ల లెక్కన కాదు, తూకానికే. బేరం నోటితోనే కాదు, వేళ్ళతో కూడా నడుస్తుంది. ఒకటి నుంచి పది దాకా ఒక్క చేత్తోనే చూపిస్తారు. బొటనవేలు, చూపుడువేలు చాపితే ఎనిమిది. మన కంటికి అది రెండు. మనం రెండిస్తే ఆవిడ నవ్వుతుంది, మళ్ళీ అవే రెండు వేళ్ళు చూపిస్తుంది. నాకు కూరలమ్మే ఆవిడ నన్ను "మెయ్ న్యూ" అని పిలుస్తుంది. అందగత్తె అని అర్థం. మురిసిపోనక్కర్లేదు, మన రైతుబజారులో అందర్నీ "అమ్మా" అన్నట్టే ఇక్కడ ఆడకూతురైతే చాలు ఆ పిలుపే.

చైనాలో శాకాహారికి తిండి దొరకదన్నది బయటినుంచి చూసేవాళ్ళ మాట. హోటళ్ళలో కష్టమే, ఒప్పుకుంటాను. ఉత్త ఆకుకూరని కూడా పందికొవ్వులో తిప్పి పెడతారు. వూషీ వంటల్లో పంచదార కూడా ఎక్కువే. కానీ మార్కెట్లో చూడండి. కాకరకాయ, సొరకాయ, నేతిబీర, చామదుంపలు, అలసంద కాయలు, కొత్తిమీర, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి అన్నీ ఉంటాయి. ఎర్ర తోటకూర వేసవి మొదట్లో గుట్టలుగా వస్తుంది. డ్రాగన్ పడవల పండగకి ఇక్కడివాళ్ళు దాన్ని తప్పకుండా వండుకుంటారు. బచ్చలికూరకి ఇక్కడి పేరు ము అర్ త్సాయ్. ఆ జిగురు చూసి గుర్తుపట్టిన రోజు నేను రెండు జిన్‌లు కొన్నాను, మూడు రోజులు అదే తిన్నాం. పెసలు చవక, అందుకని వారానికి రెండుసార్లు పెసరట్టు. వేరుశనగ గుళ్ళు, నువ్వులు కావలసినన్ని. ఈ ఊరికే ప్రత్యేకమైన తినుబండారం ఒకటుంది, యో మియెన్ జిన్ అని. గోధుమపిండిలోంచి తీసిన జిగురు ముద్దని ఉండలు చేసి నూనెలో వేయిస్తారు. బూరెల్లా పొంగి లోపల డొల్లగా ఉంటాయి. వాళ్ళు లోపల మాంసం కూరి వండుకుంటారు. నేను వాటిని పులుసులో వేస్తాను. పులుసంతా పీల్చుకుని, నోట్లో పెట్టుకుంటే భలే ఉంటాయి. మా అత్తగారు వచ్చినప్పుడు వడలనుకుని రెండోసారి వేయించుకున్నారు.

దొరకనివి కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, ఇంగువ. వీటిని ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి. వూషీకి దక్షిణాన షావ్‌షింగ్ దగ్గర కెచ్యావ్ అని పెద్ద బట్టల మార్కెట్టు ఉంది. అక్కడ మన దేశపు వ్యాపారస్థులు చాలామంది స్థిరపడ్డారు కాబట్టి మన సరుకుల కొట్లూ ఉన్నాయి, కొరియర్లో పంపుతారు. ధర మన ఊరికి రెట్టింపు. కరివేపాకు మొక్క కూడా ఆన్‌లైన్లోనే కొన్నాను. చలికాలం నాలుగు నెలలు దాన్ని పసిపిల్లలా ఇంట్లో పెట్టి చూసుకోవాలి. పెరుగు కొంటే తియ్యటిదే ఎక్కువ, అందుకని తోడేసుకోవడమే.

ఇలా చేస్తే ముగ్గురికి పాలు, పళ్ళు, బియ్యం, కూరలు కలిపి నెలకి 2,200 యువాన్లు, మన సరుకులకి ఇంకో 400. ఇలా చెయ్యకపోతే? మా వారి సహోద్యోగి ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఇక్కడి భాష జోలికి పోలేదు. విదేశీ సరుకుల సూపర్‌మార్కెట్టు, ఫోన్లో ఆర్డరిచ్చే భోజనం, వారానికోసారి షాంఘై వెళ్ళి ఇండియన్ హోటల్. వాళ్ళకి తిండికే మాకయ్యే దానికి మూడింతలవుతుంది. వాళ్ళని తప్పు పట్టను, వాళ్ళ డబ్బు వాళ్ళిష్టం. కానీ రెండిళ్ళూ ఒకే ఊళ్ళో, ఒకే వీధికి రెండు పక్కలా ఉన్నాయి. ఊరు చవకా ఖరీదా అంటే ఏమని చెప్పాలి?

ప్రయాణాల గురించి ఎక్కువ చెప్పను. మెట్రో రెండు యువాన్ల నుంచి మొదలు, బస్సులు అంతకన్నా తక్కువ, అద్దె సైకిళ్ళు అడుగడుగునా ఉంటాయి. ఎలక్ట్రిక్ స్కూటర్లు తయారుచేసే పెద్ద కంపెనీ యాదీ ఈ ఊరిదే. దాంతో అమ్మమ్మలు కూడా స్కూటర్ల మీదే మార్కెట్టుకొస్తారు. లీహు సరస్సు చుట్టూ పార్కుల్లో పైసా అక్కర్లేకుండా సాయంత్రమంతా తిరగొచ్చు. రాత్రి పదింటికి ఆడవాళ్ళు ఒంటరిగా నడిచి ఇంటికెళ్తారు. ఇది ఎంత చవకో ఏ వీడియోలోనూ లెక్క కట్టరు గానీ, నాకు ఈ ఊళ్ళో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

మొత్తానికి అద్దె, కరెంటు, ఫోన్లు, తిండి, బస్సులు, పాప కిండర్‌గార్టెన్ ఫీజు 1,500, అప్పుడప్పుడూ బయటికెళ్ళడం, అన్నీ కలిపి మా నెల ఖర్చు 8,100 యువాన్లు. రూపాయల్లో 97 వేల చిల్లర. మా బంధువుల గ్రూపులో ఈ అంకె చెప్తే అందరూ మెచ్చుకున్నారు. "మీ ఆయన మంచి ఊరు ఎంచుకున్నాడమ్మా" అన్నారు.

ఇక్కడే నాకు కోపం వచ్చేది. ఈ 8,100లో నేనెక్కడున్నాను?

నేను గుంటూరులో ఏడేళ్ళు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌ని. మానేసేనాటికి జీతం 32 వేలు. ఇక్కడ నా వీసా ఎస్ 1. అంటే ఉద్యోగస్థుడి కుటుంబసభ్యురాలిని. వచ్చిన 30 రోజుల్లో దాన్ని రెసిడెన్స్ పర్మిట్‌గా మార్చుకోవాలి. దాని మీద ఉండొచ్చు, తిరగొచ్చు, ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు. పిల్లలకి ఇంగ్లీషు చెప్పమని మా షియావ్‌చ్యూలోనే ఇద్దరు తల్లులు అడిగారు. గంటకి ఇస్తామన్న డబ్బు మంచిదే. కానీ పర్మిట్ లేకుండా పనిచేస్తే 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా, మరీ ముదిరితే రోజుల తరబడి నిర్బంధం అని ఇక్కడి చట్టం. కుదరదని చెప్పేశాను. ఆరోగ్య బీమా సంగతీ అంతే. విదేశీ ఉద్యోగులు కూడా ఇక్కడి సామాజిక బీమాలో చేరాలని 2011లో నిబంధన వచ్చింది, కానీ అది ఉద్యోగికే. నాకూ పాపకీ విడిగా ప్రైవేటు బీమా కట్టుకోవాలి. అది కంపెనీ కడుతోంది కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు ఇంకో లెక్క వేద్దాం. ఇక్కడ ఇంటిపనికి వచ్చే ఆయికి గంటకి 35 యువాన్ల దాకా ఇవ్వాలి. వండటం, తోమటం, ఉతకటం, మార్కెట్టు, పాపని దింపటం, తేవటం, అన్నీ కలిపి రోజుకి ఆరు గంటల పని అనుకుందాం. తక్కువే అనుకుంటున్నాను. నెలకి 26 రోజులు. 156 గంటలు. 5,460 యువాన్లు. మేం గొప్పగా చెప్పుకునే 8,100కి పక్కన ఎవరికీ కనపడకుండా ఇంకో ఐదున్నర వేలు ఉందన్నమాట. దానికి నా పోయిన జీతం కలపలేదు.

"ఇంటి పని ఎక్కడున్నా చేసేదేగా" అని మా పెద్దమ్మే అంది. చేసేదే. కానీ అక్కడ అంట్లు తోమడానికి మనిషి వచ్చేది, పాపని చూడటానికి అమ్మ ఉండేది, గ్యాసు అయిపోతే ఏ భాషలో అడగాలా అని ఆలోచించే పనుండేది కాదు. అదంతా కలిస్తేనే నేను పొద్దున ఎనిమిదింటికి కాలేజీకి వెళ్ళగలిగాను. ఇక్కడ ఆ నలుగురి పనీ ఒక్క మనిషి చేతుల మీద పడింది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయికి గంటకి 35 ఇవ్వడం నాకు ఎక్కువగా అనిపించదు, న్యాయంగానే అనిపిస్తుంది. గుంటూరులో మా ఇంట్లో అంట్లు తోమిన ఆవిడకి నెలకి ఇచ్చినది ఇక్కడ మూడు రోజుల పనికి సరిపోదు. మన ఊళ్ళో కాపురాలు చవకగా నడవడానికి కారణం కూడా ఎవరో ఒక ఆడమనిషి చేతులే. ఇక్కడికి వచ్చాక ఆ చేతులు నావయ్యాయి, అంతే తేడా.

ఇంటికి ఫోన్ చెయ్యడమూ ఒక ఖర్చే. వాట్సాప్ ఇక్కడ పనిచెయ్యదు. ఇక్కడ పనిచేసే వీచాట్‌ని మన ప్రభుత్వం 2020లో నిషేధించింది. మధ్యలో అమ్మ. మన ఊరి సిమ్ మీద రోమింగ్ వేయించుకుంటే వాట్సాప్ వస్తుంది, డబ్బులూ పోతాయి. ఇక విమానాలు. 2020లో ఆగిపోయిన నేరు విమానాలు మళ్ళీ మొదలైంది 2025 అక్టోబరులో. అయిదేళ్ళకి పైగా బ్యాంకాక్ మీదుగానో హాంకాంగ్ మీదుగానో సింగపూర్ మీదుగానో తిరిగి రావాల్సొచ్చింది. ముగ్గురికీ ఏడాదికోసారి టికెట్లు కొంటే రెండు నెలల కూరగాయల పొదుపు ఒక్క పూటలో ఎగిరిపోతుంది.

అయినా ఇవన్నీ మోయగలిగేవే. మోయలేనిది బడి.

మా పాపకి ఐదు నిండాయి. కిండర్‌గార్టెన్లో చైనీస్ గడగడా మాట్లాడుతుంది. మార్కెట్లో నాకు అర్థం కాని మాట వస్తే అదే నాకు తెలుగులో చెప్తుంది. ఇక్కడ ఆగస్టు 31 నాటికి ఆరేళ్ళు నిండిన పిల్లలు సెప్టెంబరులో ఒకటో తరగతిలో చేరాలి. వచ్చే ఏడు దాని వంతు. మాకున్న దారులు మూడు.

మొదటిది సర్కారు బడి. సీటు దొరికితే ఫీజు లెక్కలోకి రానంత. చదువంతా చైనీస్‌లో. మొదటి రెండేళ్ళలోనే 1,600 అక్షరాలు గుర్తుపట్టాలి, 800 రాయాలి. హోంవర్కు గురించి తల్లిదండ్రులకి రోజూ వీచాట్‌లో సందేశాలొస్తాయి. పాప ఎలాగో నెగ్గుకొస్తుంది, దాని గురించి నాకు బెంగ లేదు. కానీ ఏడేళ్ళు ఊళ్ళో వాళ్ళ పిల్లలందరికీ పాఠం చెప్పినదాన్ని, నా పిల్ల నోటుపుస్తకం తెరిస్తే నాకు ఒక్క వాక్యం తెలియదు. ఇంకో మూడేళ్ళకి కంపెనీ వెనక్కి పొమ్మంటే, అది మన బడిలో నాలుగో తరగతిలో తెలుగూ ఇంగ్లీషూ రాయడం రాకుండా కూర్చుంటుంది.

రెండోది విదేశీ పిల్లల కోసం పెట్టిన ఇంటర్నేషనల్ బడి. మేం వెళ్ళి అడిగినచోట ఏడాదికి 1,40,000 యువాన్లు. మా ముగ్గురి ఏడాది ఖర్చంతా, అద్దెతో సహా, 97,200 యువాన్లు. మళ్ళీ చదవండి. మనుషులు ముగ్గురు ఏడాదంతా బతకడానికి అయ్యేదానికన్నా ఒక్క పిల్ల ఒకటో తరగతికి ఎక్కువ. బచ్చలికూర ఎంత చవకైతే ఏం లాభం?

మూడోది నేనూ పాపా గుంటూరు వెళ్ళిపోవడం, ఆయన ఇక్కడే ఉండటం. నాకు తెలిసిన రెండు కుటుంబాలు అదే చేశాయి. బయటివాళ్ళకి ఇది మంచి పొదుపుగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఒక కాపురం రెండు కాపురాలు కావడంలా కనిపిస్తుంది. తండ్రి ఏడాదికి ఇరవై రోజుల చుట్టమవుతాడు.

అందుకని ఈ దేశానికి పిల్లలతో వద్దామనుకుంటూ నన్ను అడిగేవాళ్ళకి నేను కూరగాయల ధరలు చెప్పడం మానేశాను. ఒకటే చెప్తున్నాను. జీతం అంకె చూసి సంతకం పెట్టకండి. పిల్లకి ఆరేళ్ళు వచ్చేటప్పటికి మీరు ఎక్కడుంటారో లెక్క వేసి, బడి ఫీజు కాంట్రాక్టులో విడిగా రాయించుకోండి. "జీతం పెంచుతాం, ఫీజు మీరే కట్టుకోండి" అంటే ఒప్పుకోకండి. విదేశీ ఉద్యోగులకి ఇంటద్దె, పిల్లల చదువు, భాష నేర్చుకోవడం, సొంతూరు వెళ్ళిరావడం, ఇలాంటివాటికి కంపెనీ ఇచ్చే డబ్బు మీద పన్ను లేకుండా ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. 2027 చివరిదాకా పొడిగించారు. ఫాప్యావ్, అంటే సర్కారు వారి పద్ధతి ప్రకారం ఇచ్చే బిల్లు, జాగ్రత్త పెట్టి చూపిస్తే చాలు. అదే డబ్బు జీతంలో కలిపిస్తే పన్ను కోసుకుని మిగిలింది చేతికొస్తుంది. ఇంటద్దె బిల్లుకీ ఇదే మాట. మా ఇంటివాడు బిల్లు ఇవ్వనని నసిగితే, అద్దె యాభై పెంచి మరీ ఇప్పించుకున్నాం. లాభమే అయింది.

ఆ మినహాయింపుల్లో భాషా శిక్షణ అన్నది చూసి నాకు నవ్వొచ్చింది. అది ఉద్యోగికి. మా వారి ఆఫీసులో అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడతారు. ఆయనకి వారానికి రెండుసార్లు కంపెనీ ఖర్చుతో చైనీస్ పాఠాలు. మూడేళ్ళు ఈ ఊళ్ళో డాక్టరుతో, ప్లంబరుతో, కూరలావిడతో, పాప టీచరుతో మాట్లాడింది నేను. నా పాఠాలు ఫోన్లో ఉచిత యాప్, కింది అంతస్తు అమ్మమ్మగారు.

మా వారి కాంట్రాక్టు మార్చిలో మళ్ళీ రాయాలి. ఈసారి కంపెనీని ఏమేం అడగాలో ఇద్దరం కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. పాప బడి ఫీజు మొదటి వరుస. ఏడాదికోసారి ముగ్గురికీ విమానం టికెట్లు రెండోది. మూడో వరుసలో నేను ఇక్కడి యూనివర్సిటీలో సాయంత్రం చైనీస్ తరగతులకి అయ్యే ఫీజు రాశాను.

ఆయన మూడోది చూసి, "ఇది ఇస్తారంటావా?" అన్నారు.

"పన్ను మినహాయింపు రాదులెండి, అయినా అడగండి" అన్నాను.